యాకీల చెట్టుమందు: మీ ప్రశ్నలు, మా జవాబులు

మెక్సికోలోని సొనోరా రాష్ట్రంలోనూ అమెరికాలోని అరిజోనాలోనూ ఉండే యాకీల మూలికా వైద్యం గురించి ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకే సంగతి అడిగిన వాటిని కలిపి జవాబిస్తున్నాం. ఇక్కడ ఇచ్చిన కొలతలన్నీ పెద్దవాళ్ళకే. పసిపిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇవి వర్తించవు.

ప్రశ్న: యాకీ అనే పేరు నేను ఒకే ఒక్క చోట చదివాను. 1968లో అమెరికాలో అచ్చయిన ఆ పుస్తకంలో ఒక యాకీ మాంత్రికుడు శిష్యుడికి పెయోటే అనే మత్తెక్కించే కాక్టస్ తినిపించి, ఉమ్మెత్త ఇచ్చి జ్ఞానం బోధిస్తాడు. యాకీ వైద్యమంటే నిజంగా అదేనా?

జవాబు: కాదండీ. ఆ మాట పెయోటే పెరిగే నేలే చెబుతుంది. ముళ్ళు లేని ఆ చిన్న కాక్టస్ చివావా ఎడారిది. టెక్సాస్ దక్షిణపు కొసన, మెక్సికో ఉత్తర మధ్య భాగాల్లో, ఈశాన్యంలో పెరుగుతుంది. యాకీల నేల సియెర్రా మాద్రే కొండలకు పడమట, కాలిఫోర్నియా సింధుశాఖ ఒడ్డున ఉంది. అక్కడ పెయోటే మొలవదు. దాన్ని దైవంగా కొలిచేది హుయిచోల్‌లు, వాళ్ళు వేరే జాతి. యాకీలను దశాబ్దాల పాటు అధ్యయనం చేసిన మానవశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ స్పైసర్ 1969లోనే ఆ పుస్తకాన్ని సమీక్షిస్తూ, దాన్ని యాకీ సంప్రదాయంతో ముడిపెట్టడం అనవసరమని రాశాడు. అయినా ఆ ముద్ర ఇంకా చెరగలేదు. దాన్ని నమ్మి వచ్చే బయటివాళ్ళను నేటికీ యాకీలే భరించాల్సి వస్తోంది.

వాళ్ళు తమను తాము యోయెమె అని చెప్పుకుంటారు. వైద్యుణ్ణి హితెవి అంటారు, ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా అదే మాట. హితెవి పనిలో మూలిక ఒక భాగమే. ఒళ్ళు పట్టడం, ప్రార్థన, ఇంటి పరిస్థితిని విచారించడం కూడా అందులోవే. ఆ పని చేతికి రావాలంటే సెఅతకా అనే పుట్టుకతో వచ్చే శక్తి ఉండాలంటారు. మూలికలు దొరికే బయలును హుయా ఆనియా అంటారు. హుయా అంటే చెట్టూ చేమా, ఆనియా అంటే లోకం. పెరట్లో పెంచే సదాపాకు, రోజ్‌మేరీ లాంటివి స్పానిష్ వాళ్ళతో వచ్చాయి. జెసూయిట్ పాదరీలు యాకీ ఊళ్ళలో 1617లో అడుగుపెట్టారు. ఆ మొక్కలు కూడా ఇవాళ యాకీ వైద్యంలో కలిసిపోయాయి.

ఉమ్మెత్త గురించి ఒక్క మాట. అందులోని విషాలైన అట్రోపిన్, స్కోపలమిన్ పాళ్ళు ఒక మొక్కలో ఉన్నట్టు ఇంకో మొక్కలో ఉండవు. ఒకే మొక్కలో ఆకుకూ గింజకూ కూడా తేడా ఉంటుంది. కాబట్టి ఇంత తింటే ఫరవాలేదని ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్ళు. చక్కెర జబ్బుకు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. అరిజోనాలో ఉండే అన్నయ్య యాకీల మందంటూ వెరెకె క్యాప్సూల్స్ పంపాడు. వాడవచ్చా?

జవాబు: వద్దండీ. గ్లిమెపిరైడ్ వాడుతున్నంత కాలం అసలు వద్దు.

వెరెకె మన దొండ, కాకర కుటుంబపు తీగ. శాస్త్రీయ నామం ఇబెర్విల్లియా సొనోరే. మందుకు వాడేది దాని దుంపే. సగం నేల పైకి తేలి, బూడిద రంగు రాయిలా పడి ఉంటుంది. ఎండలు ముదిరినప్పుడు చూస్తే చచ్చిపోయిందనే అనుకుంటాం. వేసవి వానలకు దాన్నుంచి పచ్చని తీగ సాగుతుంది, ఎర్రటి కాయలు కాస్తుంది. యాకీలతో పాటు ఇరుగుపొరుగు జాతులైన మాయోలకూ సెరీలకూ ఇది తెలుసు. దుంపను పలచగా చక్రాలు కోసి, ఎండబెట్టి, కషాయం కాస్తారు. నోట్లో పెట్టుకోలేనంత చేదు. ఆ చేదు కుకుర్బిటాసిన్లు అనే పదార్థాలది.

చక్కెర తగ్గించే గుణం జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది. అసలు చిక్కు అక్కడే. అన్నం తిన్నా తినకపోయినా గ్లిమెపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. దాని మీద ఇంకో చక్కెర తగ్గించే మందు పడితే, అన్నం కాస్త ఆలస్యమైన పూట చక్కెర 70 కిందికి జారిపోవచ్చు. ఈ వయసులో అలా జరిగితే కింద పడడం, ఎముక విరగడం దాకా వెళుతుంది. రెండో చిక్కు వాంతులు, విరేచనాలు. కుకుర్బిటాసిన్లు కడుపును గట్టిగా కదిలిస్తాయి. ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలు నెమ్మదించినప్పుడు మెట్‌ఫార్మిన్ రక్తంలో పేరుకుంటుంది, అదీ ప్రమాదమే. ఇక క్యాప్సూల్‌లో ఉన్నది ఏ వయసు దుంపో, అందులో చేదు ఎంతో సీసా మీద రాసి ఉండదు.

ఇప్పటికే ఒకటో రెండో వేసుకుని ఉంటే మిషన్‌తో చక్కెర చూడండి. చెమట, వణుకు, తడబాటు ఉండి 70 కంటే తక్కువ చూపిస్తే 15 గ్రాముల గ్లూకోజు, అది లేకపోతే మూడు టీ చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూడండి. గ్లిమెపిరైడ్ ప్రభావం రోజంతా ఉంటుంది కనుక తేరుకున్నారని వదిలేయకుండా ఆ రాత్రి కూడా కనిపెట్టుకుని ఉండండి, డాక్టరుకు ఫోను చేయండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

అన్నయ్యగారికి ఇంకో సంగతి చెప్పండి. వెరెకెలో ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. దుంప తవ్వితే ఆ తీగ పోయినట్టే. ఒక గట్టు మీద పెద్దవన్నీ తవ్వేస్తే జత లేక మిగిలినవి కాయలే కాయవు. ఆ దుంప ఎదగడానికి ఏళ్ళు పడుతుంది. ఊరి అవసరానికి తవ్వే మనిషి ఒకటి తీస్తాడు, సీసాల వ్యాపారానికి తవ్వేవాడు గోనెసంచులు నింపుతాడు.

ప్రశ్న: టూసాన్ శివార్లలో ఉంటున్నాం. ఇంటి వెనక అంతా క్రియోసోట్ పొదలే. వాన పడితే వాటి వాసనే వాసన. ఆ ఆకు టీ అన్ని రోగాలకూ మంచిదని పక్కింటివాళ్ళు అంటున్నారు. నిజమేనా? యాకీలు దీన్ని ఎలా వాడతారు?

జవాబు: టీ తాగకండి. పైపూతకు మాత్రం మంచి మందు. సొనోరాలో దీన్ని ఎదియోందియా అంటారు, వాసన కొట్టేదని అర్థం. యాకీ ఇళ్ళలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ పగిలిన పాదాలకు, కీళ్ళ నొప్పులకు, గజ్జికి వాడే ఆకు ఇది. ఇది మన పల్లేరు కుటుంబపు మొక్క అంటే నమ్మబుద్ధి కాదు.

ఆకు మీది జిగురులో ఎన్‌డీజీఏ అనే పదార్థం ఉంటుంది. నూనెలు కారు వాసన పట్టకుండా ఒకప్పుడు ఆహారంలో కలిపేవారు, తర్వాత అమెరికా ఆ వాడకాన్ని ఆపేసింది. ఆకు పొడిని క్యాప్సూల్స్‌గా మింగినవాళ్ళకు కాలేయం వాచిన కేసులు బయటపడడంతో 1992లో ఆ దేశపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. ఈ జిగురు నీళ్ళలో బాగా కరగదు, నూనెలోనూ సారాలోనూ కరుగుతుంది. అందుకే సారాలో దించిన అర్కం, పొడి నింపిన క్యాప్సూల్ పలచటి టీ కంటే ఎక్కువ ప్రమాదం. పాత పద్ధతిలో అప్పుడప్పుడు ఒక గుక్క తాగినవాళ్ళు బాగానే ఉన్నారు కదా అని, రోజూ గుప్పెడు మాత్రలు మింగడానికి దాన్ని రుజువుగా తీసుకోకూడదు.

పూత మందు ఇలా చేయండి. వాన వెలిశాక రెండు మూడు రోజులు ఆగి, రోడ్డుకు దూరంగా ఉన్న పొదల నుంచి కొస రెమ్మలు మాత్రం, ఒక్కో పొద నుంచి కొద్దికొద్దిగా కోయండి. నీడలో వారం రోజులు, ఆకు వేళ్ళ మధ్య పెళపెళమనే దాకా ఆరబెట్టండి. ఎండు ఆకు 50 గ్రాములు నలిపి, 250 మి.లీ. ఆలివ్ నూనెలో వేసి, నీళ్ళ గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి మూడు గంటలు సన్నసెగన ఉంచండి. నూనె 60 డిగ్రీలు దాటకూడదు, ఆకు వేగిన వాసన వచ్చిందంటే మాడిందన్నమాట. పలచటి గుడ్డలో వడకట్టి, 30 గ్రాముల తేనెమైనం కరిగించి కలపండి. చల్లటి చెంచా మీద ఒక చుక్క వేసి గట్టిదనం చూసుకోండి. జూన్ ఎండలకు 40 గ్రాముల మైనం వేస్తే గానీ డబ్బాలో నిలవదు.

చెడిపోయేది సాధారణంగా రెండు చోట్ల. పచ్చి ఆకు వేస్తే అందులోని నీరు అడుగున చేరి బూజు పడుతుంది. వడకట్టేటప్పుడు గుడ్డను మరీ పిండితే మడ్డి దిగి, మందు గరుకుగా వస్తుంది. గిన్నెకు పట్టిన జిగురు సబ్బుకు వదలదు, కాబట్టి వంటకు పనికిరాని పాత గిన్నె వాడండి. ముందు మోచేతి లోపలి వైపు కాస్త రాసి ఒక రోజు చూడండి, దురద పుడితే మీ ఒంటికి పడదు. లోతైన పుండు మీద, కళ్ళ దగ్గర రాయవద్దు.

పాదాల పగుళ్ళకైతే ఇంత శ్రమ అక్కర్లేదు. రెండు గుప్పెళ్ళ రెమ్మలు మూడు లీటర్ల నీళ్ళలో పావుగంట మరిగించి, గోరువెచ్చన అయ్యాక 20 నిమిషాలు కాళ్ళు పెట్టుకుంటే చాలు. చక్కెర జబ్బు వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవాళ్ళు నీటి వేడిని ఇంకొకరి చేత చూపించుకోవాలి.

ప్రశ్న: ఎస్తాఫియాతే అంటే మాచిపత్రేనా? కడుపునొప్పికి యాకీలు వాడతారని చదివాను.

జవాబు: సగం నిజం. ఆ పేరుతో మెక్సికోలో ఎక్కువ చోట్ల పిలిచేది మాచిపత్రికి దగ్గరి చుట్టమైన ఆర్టెమిసియా లుడోవిసియానాను. సొనోరాలో మాత్రం అంబ్రోసియా కాన్ఫెర్టిఫ్లోరా అనే వేరే మొక్కను కూడా అదే పేరుతో పిలుస్తారు. రెండూ చేదే, రెంటినీ కడుపుకే వాడతారు. ఆకు వెనక్కి తిప్పి చూస్తే మొదటిది తెల్లటి నూగుతో వెండిలా మెరుస్తుంది. రెండోది సన్నగా చీలికలైన ఆకు, కాయలకు చిన్న చిన్న కొక్కేలు ఉంటాయి. తేడా ఎందుకు తెలియాలంటే, రెండోది మన వయ్యారిభామకు దగ్గరిది. వయ్యారిభామ పుప్పొడి పడనివాళ్ళకు దాని టీ కూడా పడకపోవచ్చు.

మొదటిదైతే ఎండు ఆకు ఒక టీ చెంచా, 200 మి.లీ. వేడి నీళ్ళు, మూతపెట్టి పది నిమిషాలు. మూత తీసి ఉంచితే వాసన నూనె ఆవిరైపోతుంది, పొయ్యి మీద మరిగిస్తే చేదు తప్ప ఏమీ మిగలదు. తిండికి ముందు అర కప్పు, మూడు రోజులకు మించి వద్దు. గర్భిణులు ముట్టుకోకూడదు.

ప్రశ్న: అరిజోనాలో పరిశోధన విద్యార్థిని. ఇక్కడి యాకీ పెద్దల మొక్కల పరిజ్ఞానాన్ని రికార్డు చేసే పనిలో సాయపడమని పిలుపు వచ్చింది. ఎక్కడ మొదలుపెట్టాలి? పిల్లలకు ఈ విద్య ఇన్నాళ్ళూ ఎలా అందింది, ఇప్పుడు ఎందుకు ఆగిపోతోంది?

జవాబు: మీరు చివర అడిగినదాన్నే ముందు చూద్దాం.

ఈ విద్య నడకలో అందుతుంది. అమ్మమ్మ కట్టెలకో మూలికకో బయల్దేరితే వెంట మనవరాలు వెళుతుంది. మొక్క దగ్గర నిలబడి పలకరించడం, ఎందుకు కోస్తున్నారో దానికి చెప్పడం, కావలసినంతే తీసుకోవడం పిల్ల చూస్తుంది. ఆ తర్వాత కొన్నేళ్ళకు గానీ ఆ పిల్లను ఒంటరిగా పంపరు. అంటే మూడూ ఒక్కచోట ఉండాలి: మొక్క, మనిషి, మాట. మూడూ దెబ్బతిన్నాయి.

1900 తర్వాతి పదేళ్ళలో మెక్సికో అధ్యక్షుడు పోర్ఫిరియో దియాస్ ప్రభుత్వం వేలమంది యాకీలను పట్టుకుని దేశపు ఆగ్నేయ కొసన ఉన్న యుకటాన్ కిత్తనార తోటలకు కూలీలుగా తరలించింది. తల్లులూ పిల్లలూ విడిపోయారు. పారిపోయినవాళ్ళు అరిజోనా చేరారు. అమెరికా ప్రభుత్వం పాస్కువా యాకీ తెగను గుర్తించింది 1978లో. అరిజోనాలో క్రియోసోట్, మెస్కీట్ దొరుకుతాయి గానీ వెరెకె, ఎర్ర కషాయానికి వాడే బ్రసీల్ చెక్క దొరకవు. అవి సొనోరా నుంచి ఎండువి రావలసిందే. ఎండు ముక్కను చూసి పెరిగిన పిల్ల మొక్కను గుర్తుపట్టలేదు. సొనోరాలో ఇంకో దెబ్బ తగిలింది. 1952లో ఒబ్రెగోన్ ఆనకట్ట పూర్తయ్యాక యాకీ నది కింది పాయ ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోసాగింది. యెర్బా మాన్సా లాంటి మూలికలకు చిత్తడి నేల కావాలి. నీరు పోతే మొక్క పోతుంది, మొక్క లేని చోట దాని పేరు ఎవరు పలుకుతారు? యాకీలు నీటి కోసం చేసే పోరాటం వాళ్ళ వైద్యం కోసం కూడా అని మా నమ్మకం. ఇక భాష. మెక్సికోలో 2020 లెక్కల ప్రకారం యాకీ మాట్లాడేవాళ్ళు దాదాపు 19 వేల మంది, అరిజోనాలో చాలా తక్కువ.

ఇప్పుడు పని సంగతి. ముందు తెగ మండలి అనుమతి. సొనోరాలో అయితే ఎనిమిది ఊళ్ళకూ ఎవరి సంప్రదాయ పెద్దలు వారికే ఉన్నారు, ఆ ఊరి గవర్నర్లను అడగాలి. ఒక కుటుంబం ఒప్పుకుంటే సరిపోదు. రికార్డు మొదటి ప్రతి ఎవరి దగ్గర ఉండాలో, దేన్ని బయటికి ఇవ్వకూడదో మైకు పెట్టకముందే రాసుకోండి. వెరెకె లాంటి మొక్కల చోటు గుర్తులను బయటపెట్టకండి, మర్నాడే తవ్వేవాళ్ళు వస్తారు.

గదిలో కూర్చోబెట్టి జాబితా అడగకండి. కుర్చీలో గుర్తొచ్చేవి పది పేర్లయితే, నడుస్తుంటే గుర్తొచ్చేవి నలభై. ఒకే దారిలో ఏడాదికి కనీసం రెండుసార్లు వెళ్ళండి, చలికాలపు వానల తర్వాత మార్చిలో ఒకసారి, వేసవి వానల తర్వాత సెప్టెంబరులో ఒకసారి. మార్చిలో ఉన్న మొక్క సెప్టెంబరులో కనిపించకపోవచ్చు. ప్రతి మొక్కకూ పేరు, ఏ భాగం, ఏ కాలం, ఎంత, ఎలా, ఎన్నాళ్ళు, ఎవరికి ఇవ్వకూడదు, దేనితో పొరబడతారు అని అడగండి. చాలా రికార్డుల్లో లేనివి చివరి రెండే. ప్రాణం మీదికి వచ్చేది వాటి దగ్గరే.

"గుప్పెడు" అని రాసి వదిలేయకండి. ఆ పెద్దావిడనే గుప్పెడు తీయమని వంటింటి త్రాసులో తూచండి, మూడుసార్లు తూచి మూడూ రాయండి. పచ్చిదా ఎండుదా అన్నదీ రాయాలి, ఎండితే బరువు చాలా పడిపోతుంది. జవాబు యాకీ భాషలోనే పూర్తి వాక్యంగా చెప్పించండి. స్పానిష్ పేరు ఒక్కటే రాసుకుంటే గొలొండ్రినా అనే ఒక్క మాట కింద నేలను పాకే అరడజను పాల మొక్కలు కలిసిపోతాయి.

నమూనా లేని పేరు కొన్నాళ్ళకు ఎందుకూ కొరగాదు. పువ్వో కాయో ఉన్న కొమ్మను పాత పత్రికల మధ్య పెట్టి, బిగించి, మొదటి మూడు రోజులు రోజూ కాగితం మార్చండి. వానాకాలంలో మార్చకపోతే రెండో రోజుకే నల్లబడుతుంది. ఒక ఆకును వెనక వైపు కనబడేలా తిప్పి పెట్టండి. తేదీ, చోటు, నేల రకం, పేరు, చెప్పినవారు ఒప్పుకుంటేనే వారి పేరు. అనుమతి ఉంటే ఒక ప్రతి టూసాన్‌లోని అరిజోనా విశ్వవిద్యాలయం హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల నమూనాలు దాచే చోట, గుర్తింపుకు ఇవ్వవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, ఆ నడకలో ఆ ఇంటి పిల్లలు ఉండాలి. మైకు పిల్లల చేతికివ్వండి. వాళ్ళు అడిగితే అమ్మమ్మ చెప్పే తీరే వేరు. మీరు అడిగితే మీకు అర్థమయ్యేలా కుదించి చెబుతుంది, మనవడు అడిగితే రేపు వాడే కోసుకోవాలి కనుక పూర్తిగా చెబుతుంది.

ప్రశ్న: ఫీనిక్స్‌లో నర్సుని. యాకీ రోగులు మూలికలు వాడుతున్న సంగతి మాకు చెప్పరు. ఎలా అడగాలి?

జవాబు: "నాటు మందులేమైనా వాడుతున్నారా" అంటే లేదనే చెబుతారు, ఆ ప్రశ్నలో మందలింపు వినిపిస్తుంది. "ఇంట్లో టీలు, ఆకులు, పూతలు ఏం వాడతారు, ఏది మీకు బాగా పనిచేసింది" అని అడగండి. నీళ్ళలో కాచారా, సారాలో దించారా, క్యాప్సూలా అన్నది తప్పక రాయండి. శస్త్రచికిత్స ఉంటే వెరెకెను రెండు వారాల ముందే ఆపించమని డాక్టరుకు గుర్తు చేయండి. 2024 అక్టోబరులో అరిజోనాతో సహా నాలుగు రాష్ట్రాల్లో ఆదివాసీల సంప్రదాయ వైద్యానికి మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) కింద చెల్లించేందుకు అమెరికా కేంద్ర ప్రభుత్వం ఆమోదం ఇచ్చింది. ఈ సంగతి మీకు తెలుసని రోగికి అర్థమైతే సగం బిడియం పోతుంది.

ప్రశ్న: కోసావి వేరు కషాయం యాకీ స్నేహితుల ఇంట్లో తాగాను. నచ్చింది. కుండీలో పెంచవచ్చా? మూడుసార్లు విత్తాను, మొలిచి చచ్చిపోతోంది.

జవాబు: అది ఒంటరిగా బతకదు. కోసావి, అంటే క్రమేరియా, పక్క మొక్కల వేళ్ళకు తన వేరు తగిలించి పోషకాలు లాక్కునే సగం పరాన్నజీవి. మొలకకు విత్తనంలోని తిండి అయిపోగానే ఆధారం దొరక్క ఎండిపోతోంది. 40 సెం.మీ. లోతు కుండీలో మూడు వంతులు ఇసుక, ఒక వంతు మట్టి వేసి, ముందు బర్సేజ్ పొదను నాటండి, అది దొరక్కపోతే క్రియోసోట్. అది నిలదొక్కుకున్నాక దాని మొదలుకు నాలుగు వేళ్ళ దూరంలో కోసావి విత్తనాలు వేయండి. మొలిచాక కుండీ మార్చకండి, వేళ్ళ లంకె తెగితే మళ్ళీ అతుక్కోదు. నీళ్ళు పైమట్టి పూర్తిగా ఆరాకే పోయాలి. ఎదుగుదల చాలా నెమ్మది. వేరు కోయడానికి ఏళ్ళు ఆగాలి, అప్పుడు కూడా తల్లివేరు వదిలి పక్క వేరు ఒక్కటి తీసి, ఆ గుంటను అదే మట్టితో పూడ్చండి.